వాసన లేని పువ్వు

మా ఆయన గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చే పూలతో నేను ఇంట్లో కూర్చుని దండలు కడతాను. ఇంటి ముందే మా చిన్న పూల కొట్టు. ఆయనకు చాయ్ పెట్టివ్వాలని తెల్లవారకముందే లేస్తాను. మధ్యాహ్నం చేతులు ఖాళీ ఉండవు కాబట్టి, ఒక ఇయర్‌బడ్ చెవిలో పెట్టుకుని అమ్మతో మాట్లాడుతూ దండ కడతాను. రోజంతటిలో నాకంటూ ఉండేది ఆ కాసేపే.

ఈ రోజు అమ్మ మాట్లాడుతుండగానే కునుకు పట్టింది. తర్వాత ఛార్జింగ్ డబ్బా తెరిస్తే అందులో ఒక్కటే ఉంది. రెండోది చెవిలోనూ లేదు. చాప దులిపాను, పూల బుట్టలన్నీ వెతికాను.

"మొన్ననే కొనిచ్చిన, అప్పుడే పోగొట్టినవా?" అన్నాడు మా ఆయన.

"మంచిగైంది, ఇగ ఫోన్లు బంద్" అంది అత్తమ్మ.

నాకు ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం, దర్గాకని లిల్లీ దండ కొన్న పక్క గల్లీ ఆపా తిరిగొచ్చింది. దండలో పూల మధ్య, కాడకు దారం బిగించి, తెల్లగా నా ఇయర్‌బడ్! కునుకులోనూ నా వేళ్లు ఆగలేదన్నమాట.

"ఇదేం పువ్వు బేటీ? వాసనే లేదు!" అంది. అందరూ నవ్వారు. ఆపా నా ముఖం చూసి మెల్లగా అడిగింది. "రాత్రి పండుకున్నవా లేదా?"

నేను తలవంచుకుని దారం విప్పాను.

ఇంట్లో అందరూ ఇయర్‌బడ్ ఏమైందని అడిగారు. నా నిద్ర ఏమైందని అడిగింది ఆమె ఒక్కతే.

మీరైనా చెప్పండి, నిద్రలో కూడా పని చేసేది నేనొక్కదాన్నేనా?