పేరు పీకేసిన యూనిఫాం

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వేసే మనిషిని నేను. ఇరవై ఏళ్ళు వాయుసేనలో విమానాలు నడిపాను. చూసింది చూసినట్టు రాసివ్వడమే మాకు నేర్పిన విద్య. ఇదీ అలాగే రాస్తున్నాను.

యుద్ధంలో కొన్నాళ్ళు రహస్యంగా సరిహద్దు దాటి, మనవాళ్ళకి సరుకు జారవిడిచి వచ్చే పని మాది. బయల్దేరేముందు యూనిఫాం మీది పేరు పట్టీ కుట్లు విప్పి పీకేసేవాళ్ళం. శత్రువుకి దొరికితే ఎవరమో తెలియకూడదు కదా. ఆ బట్టలతో బేస్ గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు.

చివరిసారి నా పక్కన రాఘవ ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు, మన వైపుకి వచ్చాక, ఇంజన్ అంటుకుంది. "నేను పట్టుకుంటాను, నువ్వు దూకెయ్," అన్నాడు. దూకాను. వాడికి దూకే టైం దొరకలేదు.

రెండు కాళ్ళూ విరిగి మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. శిక్షణలో రాఘవ చేసిన పొరపాటు వల్లే ప్రమాదం జరిగిందని పైఅధికారులు కాగితం రాసుకొచ్చారు. రహస్యం బయటపడకూడదన్నారు. మంచం మీదే సంతకం పెట్టాను. ఆ తర్వాత వాడి ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. నా భార్యకి కూడా ఈ సంగతి చెప్పుకోలేదు.

ఇప్పుడు పరాయి దేశంలో, సెంబవాంగ్ అనేచోట మా అమ్మాయి దగ్గరుంటున్నాను. పోయినేడు కింది ఫ్లాట్ వాళ్ళ వ్రతంలో ఒకావిడ పరిచయమైంది. ఇక్కడి సైన్స్ పార్క్‌లో ఓ కంపెనీలో పనిచేసి రిటైరైందట. నా పేరు వినగానే తండ్రి పేరు చెప్పింది. రాఘవ కూతురు! నేను గభాల్న లేవడం చూసి మా మనవరాలు ఇక్కడి ఇంగ్లీషు యాసలో "తాతా, సిట్ డౌన్ లా" అంటూ కుర్చీ లాగింది.

ఇక దాచలేకపోయాను. "అమ్మా, మీ నాన్న తప్పేం లేదు. ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"తెలుసు అంకుల్. పెద్దకర్మ మర్నాడు మీరే వచ్చి చెప్పారుగా. నేనే మంచినీళ్ళిచ్చాను. నాన్న విమానం పట్టుకుని మిమ్మల్ని దూకమన్నారని చెప్పి ఏడ్చారు. ఊరంతా నాన్నని తప్పుపట్టినా, ఆ ఒక్క మాటతో అమ్మ తలెత్తుకు బతికింది."

పెద్దకర్మ నాటికి నా రెండు కాళ్ళకీ పిండికట్లు.

"నేనేనని ఎలా తెలుసమ్మా?"

"అమ్మ అడిగితే మీ పేరే చెప్పారు. యూనిఫాం మీద మాత్రం పేరు లేదు. జేబు పైన తెగిన దారాలు వేలాడుతున్నాయి."

బేస్‌లో ఎవరో జాలిపడి నా పేరుతో వెళ్ళారనుకుందామా? రాఘవ అన్న మాట విన్నది నేనొక్కడినే.

ఆవిడ వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. అది నేను కాదమ్మా అని నోటిదాకా వచ్చింది. అలా అంటే, వాళ్ళమ్మ బతుకంతా నమ్ముకున్నది ఎవరి మాటని చెప్పను? ఆవిడ తలమీద చెయ్యి పెట్టి దీవించాను. ఎవరు వెళ్ళారో ఈ రోజుకీ నాకు తెలియదు.