గేజీ తల మీద పసుపు బొట్టు

మా చిన్నప్పుడు దసరా పూజలో అందరిళ్ళలో సైకిలో, కుట్టుమిషనో ఉంటే... మా చాప మీద రెండు ఆకురాళ్ళు, ఒక చెక్కపెట్టె ఉండేవి. ఆ పెట్టెలో కొలత చూసే బొటనవేలంత ఇనుప గేజీలు రెండు. నాన్న వాటికి స్నానం చేసిన చేత్తో పసుపూ కుంకుమా పెట్టి, హారతిచ్చేవాడు.

ఊరు మనామా. నయీమ్‌లో మేడ మీద ఒక్క గది, రేకు షెడ్డులో వంట. మాది కాకినాడ. నాన్న అక్కడ లేతు మీద పని నేర్చుకుని, బహ్రెయిన్‌లో తుపాకులు బాగుచేసే ఒక చిన్న షాపులో చేరాడు. పనితనం నచ్చి షాపు యజమాని, అంటే కఫీలే మాకు వీసా తీయించాడు. అమ్మ అద్లియాలో రెండిళ్ళలో పనిచేసేది. నేను నాలుగో తరగతి. గర్వంగా చెప్పుకునేదాన్ని, మా నాన్న రైఫిళ్ళు చేస్తాడని!

నిజానికి ఆయన చేసేది అరిగిపోయిన గొట్టం తీసేసి కొత్తది బిగించడం. బిగించాక తూటా కూర్చునే చోటు సరిగ్గా ఉందో లేదో ఆ రెండు గేజీలతో చూడాలి. మొదటిది పెట్టి, గొట్టం వెనక మూతలాంటి బోల్టు వేస్తే మూసుకోవాలి. రెండోది పెడితే మూసుకోకూడదు. రెంటికీ తేడా ఒకటి రెండు వెంట్రుకల మందం, అంతే.

"ఇదీ మూసుకుందనుకో, లోపల ఖాళీ ఎక్కువైందని బుజ్జీ. పేల్చినప్పుడు తూటా వెనకనించి చిట్లి మొహం మీదకొస్తాది" అని ఒకసారి రెండోదాన్ని చూపించాడు. అదీ దూరం నుంచే... ఆ పెట్టె అమ్మను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు దసరా శుక్రవారం పడింది, నాన్నకు సెలవు. పూజయ్యాక ఆయన స్నేహితుడితో మాట్లాడటానికి కిందకు వెళ్ళాడు. గేజీలు బుల్లి బొమ్మల్లా చాప మీద నిలబడి ఉన్నాయి. నాన్న వాటి పొట్టకు బొట్టు పెట్టాడు. తలకు లేదు. బొట్టు పొట్టకు పెడతారా ఎవరైనా? నాకు నవ్వొచ్చింది. పసుపు ముద్దలో వేలు ముంచి రెండోదాని నెత్తిన బాగా దట్టంగా పెట్టాను. మొదటిదానికీ పెట్టేదాన్నే... ఈలోగా అమ్మ పులిహోర కలపడానికి పిలిచింది.

మధ్యాహ్నం కఫీల్ కారు వచ్చింది. ఆయన తమ్ముడి రైఫిల్‌కి గొట్టం ముందురోజే బిగించారు. గేజీతో చూడటం ఒక్కటే మిగిలింది. ఆ కుర్రాడు సాయంత్రం స్నేహితులతో ఎడారిలో గురి చూసి కాల్చడానికి వెళ్తాడట. "యల్లా ఉస్తాద్, రెండు నిమిషాల పని!" అని కఫీల్ తొందరపెట్టాడు.

"ఇవాళ పనిముట్లు కదపకూడదండీ" అంది అమ్మ.

"రేపటిదాకా ఆగమంటే వింటారటే?" అని నాన్న పెట్టె తీసుకుని షాపుకి వెళ్ళాడు. పూజ చేసిన రోజు బొట్టు చెరపకూడదని, పొట్ట మీది పసుపు కొలతకు అడ్డం రాదులే అని, ఆ గేజీలను తుడవకుండా అంచులు పట్టుకుని జాగ్రత్తగా వాడాడట. బోల్టు రెండు వేళ్ళతోనే వేయాలి, బలం పెట్టకూడదు. రెండో గేజీ మీద మూసుకోలేదు. సరిగ్గా ఉందని చెప్పి ఇచ్చేశాడు.

మూసుకోకుండా ఆపింది నా పసుపు.

ఆ సాయంత్రమే తూటా చిట్లింది. ఆ కుర్రాడి కుడికన్ను పోయింది.

మర్నాడు నాన్న షాపులో గేజీ తల మీది పసుపు తుడిచి మళ్ళీ పెట్టి చూశాడు. బోల్టు మూసుకుంది. ఇంటికొచ్చి గోడకు జారబడి కూర్చున్నాడు. "తల మీద కూడా బొట్టు పెట్టానే... ఎప్పుడు పెట్టానో గుర్తే లేదు" అన్నాడు అమ్మతో.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. పెట్టె ముట్టుకున్నానని తెలిస్తే కొడతాడేమో అన్న భయం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. సిగ్గుగా ఉంది రాయడానికి... కానీ అదే నిజం.

కఫీల్‌కి నాన్నంటే ఇష్టం. దారి ఆయనే చూపించాడు: "తూటాలు పాతవేమో ఉస్తాద్?" అవునంటే చాలు, మేం అక్కడే ఉండేవాళ్ళం. అమ్మ ఆ రాత్రి దణ్ణం పెట్టింది. "అవునని చెప్పేయండి, పిల్ల చదువు పాడైపోద్ది."

"కన్ను పోయిందే ఆ పిల్లాడికి" అన్నాడు నాన్న. పొద్దున్నే వెళ్ళి, తప్పు తనదేనని చెప్పేశాడు. కఫీల్ అరవలేదట. "ఖలాస్" అని తల తిప్పుకున్నాడట. రెండు వారాల్లో కాకినాడలో ఉన్నాం.

పోనీ అక్కడైనా పని దొరకలేదా అంటే, దొరికింది. పాత లేతు షాపువాళ్ళు పిలిచారు. రెండు రోజులు వెళ్ళి మానేశాడు. "నా చేయి ఏం చేస్తాందో నాకే తెలీటం లేదు" అన్నాడు. ముప్పై ఏళ్ళు నిండకుండానే చేయి తిరిగిన పనివాడని పేరు తెచ్చుకున్న మనిషి... కల్యాణ మండపం గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు, పోయేదాకా.

ఏ మాటా లేనప్పుడు ఉన్నట్టుండి అడిగేవాడు. "తల మీద ఎప్పుడు పెట్టుంటానే?" అమ్మ "వదిలేయండి" అనేది. నేను అన్నం వడ్డిస్తూనో, హోంవర్కు చేసుకుంటూనో అక్కడే ఉండేదాన్ని. పదేళ్ళప్పుడు చెప్పలేదు. ఇరవైలో చెప్పలేదు. పెళ్ళయి, పిల్ల పుట్టాక కూడా... రేపు చెబుదాం, పండక్కి వెళ్ళినప్పుడు చెబుదాం అనుకున్నాను. నిరుడు ఆయన పోయాడు. పోయే ముందు నెలలో కూడా తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకునేవాడు.

ఒక్క మాట చాలు కదా. "నేను పెట్టాను నాన్నా." ఆయన చేతులు ఆయనకు తిరిగొచ్చేవి.

మొన్న మా అమ్మాయి నా ఫోను పగలగొట్టింది. నేను అడగకముందే వచ్చి, "నేనే పడేశానమ్మా" అని టీవీ చూసుకోడానికి వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలకు ఎంత తేలికో! నేను బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మీరూ చిన్నప్పుడు ఇలాంటిదేదైనా దాచారా? చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉంటే ఇక్కడ కామెంట్లో రాయకండి... లేచి వెళ్ళి వాళ్ళకే చెప్పండి. వాళ్ళు లేకపోతే రాయండి, చదువుతాను. నేను చేయగలిగింది ఇప్పుడిక అంతే.