బాపుకు జ్వరం రావాలని

ఎవరైనా జ్వరం తగ్గాలని ప్రార్థన చేయిస్తారు. మా అవ్వ జ్వరం రావాలని చేయించింది, అదీ నిండు చర్చిలో లేచి నిలబడి.

నాన్నను మేం బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ. బాపుది సుల్తానాబాద్ దగ్గర వరి వ్యవసాయం. కిడ్నీలో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తుల దాకా పాకింది. కరీంనగర్ డాక్టరు ఇంటర్‌ఫెరాన్ సూదులు రాశాడు.

"ఇది మన ఒంట్లో తయారయ్యే ప్రొటీనేనమ్మా. శత్రువు వచ్చాడని కణాలు దీంతోనే ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయి. ఆ కబురు గట్టిగా అందేలా మనం ఇంకాస్త ఎక్కిస్తున్నాం. సూది వేసిన పూట చలి, జ్వరం వస్తాయి. భయపడొద్దు."

అవ్వ చెవికి చివరి మాటే ఎక్కింది. జ్వరం వస్తే మందు పట్టినట్టే!

వారానికి మూడుసార్లు, సాయంత్రం, బాపు తొడకు నేనే సూది వేసేదాన్ని. అన్నాల వేళకు పళ్లు టకటక కొట్టుకునేవి. రెండు చద్దర్లు, పైన గొంగడి కప్పినా వణుకు ఆగేది కాదు. "ఇగ షురువైంది" అంటూ అవ్వ సంబరపడేది. నాకు ఒళ్లు మండేది. జ్వరం గోలీ ఇస్తానంటే బాపు కూడా వద్దనేవాడు. "దాని పని దాన్ని చెయ్యనీ బిడ్డా." ఇద్దరూ ఇద్దరే!

కానీ ఆ జ్వరంలోనే బాపు నా చెయ్యి పట్టుకునేవాడు. నాకు ఊహ తెలిశాక ఎన్నడూ పట్టుకోని మనిషి. చెయ్యి కాలిపోయేది. వదిలించుకోబుద్ధి అయ్యేది కాదు.

కొన్ని వారాలకు జ్వరం రావడం మానేసింది. అవ్వకు గుండెల్లో రాయి పడింది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన మనవులు చెప్పమనగానే లేచింది.

"మా ఇంటాయనకు జ్వరం వస్తలేదయ్యా. జర అందరు ప్రార్థన చెయ్యుండ్రి."

"జ్వరం రాకుంటే మంచిదే కదమ్మా?"

"కాదయ్యా, రావాలె!"

నేను కొంగుతో ముఖం కప్పుకున్నాను. పాపం, ఆయన కాసేపు తటపటాయించి, "ప్రభువా, వీళ్ల అక్కర నీకు తెలుసు" అని కానిచ్చాడు.

డాక్టరుకు చెబితే నవ్వాడు. ఒళ్లు మందుకు అలవాటు పడిందట. జ్వరాన్ని బట్టి మందు పనిచేస్తుందో లేదో చెప్పలేమట. "అయ్యో, మనిషిని ఉత్తగనే వణికిస్తిమి గదనే" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత బాపు సూది వేయించుకుని నిమ్మళంగా పడుకునేవాడు. నా చెయ్యి అడిగేవాడు కాదు. బాపుకు హాయిగా ఉందని సంతోషమే, అయినా మంచం పక్కన నాకు ఏదో వెలితి.

తర్వాతి స్కానింగ్‌లో గడ్డలు పెరిగాయని తేలింది. డాక్టరు సూదులు ఆపేశాడు. ఆ మాట బాపుకు చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

సాయంత్రం బాపు ఎప్పటిలాగే మంచం మీద ధోవతి పైకి మడిచి కూర్చున్నాడు. "సూది తెస్తలేవేంది బిడ్డా?"

"ఇగ సూదులు లేవు బాపూ. బంద్ చేసిండ్రు."

బాపు ధోవతి కిందికి దించుకున్నాడు. నేను అక్కడ నిలబడలేక వెనక్కి తిరిగాను.

"సూది లేకుంటే నా దగ్గర కూసోవా ఏంది?" అన్నాడు.

కూర్చున్నాను. బాపు ఉంటే ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉందును.