అయివారమ్మ పడలేదు

పోయిన శనివారం పొద్దున దేవుడి గదిలో వత్తులు చేసుకుంటూ ఉంటే కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయిందమ్మా. కాఫీ ఇచ్చేదానికి పోయి పిలిస్తే పలకలా" అంది అవతలి గొంతు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన అయివారమ్మ చెల్లెలు ఆమె. ఏడాదిన్నరగా అయివారమ్మ ఆ ఇంట్లోనే ఉంటున్నారు.

పుంగనూరులో మా వీధికి ఆ కబురు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటామె గోడ మీది నుంచి పలకరించింది. "ఎవురుమే, సైకిలు మీద నుంచి పడిందే, ఆ టీచరమ్మేనా? పాపం! ఆ వయసులో ఆడమనిషికి సైకిలు యాలమ్మా?"

నేను వీధిలో గొంతెత్తే మనిషిని కాను. గుడిలో గోవిందలు కూడా నాకే వినబడేట్టు పలుకుతాను. ఆ రోజు మాత్రం అరిచాను. "పడలేదు. పడేసినారు!"

ఆ రెండు మాటల మధ్య ఎంత దూరముందో నాకు నేర్పింది అయివారమ్మే. తరగతిలో ఎవరైనా "కిటికీ అద్దం పగిలింది టీచర్" అంటే, "దానంతట అదే పగిలిందా? ఎవరు పగలగొట్టినారో చెప్పు" అనేవారు. "చేసినోణ్ణి దాచే వాక్యం దొంగకు చాటు పాపా" అనేవారు. అప్పుడు మేం నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

చీర కొంగు బొడ్లో దోపుకుని సైకిల్ మీద బడికి వచ్చేవారు. రిటైరైనా సైకిల్ మానలేదు. పొద్దున్నే చౌడేపల్లె రోడ్డున తోటల దాకా పోయి, చెట్టున కోసిన వంకాయలు తెచ్చుకునేవారు. ఎప్పుడూ తెల్లగీతకు అవతల, మట్టి అంచునే తొక్కేవారు.

మూడేళ్ల కిందట నేను చౌడేపల్లె నుంచి ఆటోలో వస్తున్నాను. ముందు అయివారమ్మ సైకిల్ కనిపించింది. మమ్మల్ని దాటి ఒక తెల్లకారు పోయింది. నడిపే అతని చెవి దగ్గర ఫోను. కారు ఎడమకు జరిగి జరిగి సైకిల్‌ను గుద్దింది. అయివారమ్మ కంకర మీద పడి ఉన్నారు, వంకాయలు రోడ్డంతా దొర్లుతున్నాయి. కారు కాస్త ముందుకు పోయి ఆగింది. అద్దం దిగింది. "సూసుకోని పోకూడదామ్మా!" అని, అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

తొడ ఎముక విరిగింది. మదనపల్లెలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆ కంగారులో నేనొక తప్పు చేశాను. స్టేషన్ బయట అర్జీలు రాసే ఆయన దగ్గర ఫిర్యాదు రాయించి, సాక్షిగా సంతకం పెట్టి ఇచ్చేశాను. మరునాడు దాని నకలు అయివారమ్మకు చూపించాను.

"చదివినావా?"

"లేదు టీచర్."

"చదువు."

'సైకిలు అదుపుతప్పి పడిపోయినందున' అని ఉంది. కారు మాట ఎక్కడో చివర, అటుగా పోతున్నట్టు ఉంది. అర్జీలాయన్ని తర్వాత అడిగితే, "అందురూ అట్లే రాయిస్తారమ్మా, అలవాటు" అన్నాడు.

అయివారమ్మ కండ్లు మూసుకున్నారు. "తొమ్మిదో తరగతిలోనూ ఇంతే నువ్వు. చదవకనే సంతకం పెడ్తావుంటివి."

నాకు ఏడుపు వచ్చింది. "మీరే చెప్పండి టీచర్, రాసుకుంటా."

"నేను చెప్పను. చూసింది నువ్వు."

ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆటోలోంచి చూసిన కారు నంబరుతో సహా, నా చేతితో నేనే రాశాను. ఆమె తలకట్లు, 'ళ'లు దిద్దారు. 'గుద్దినాడు' అన్న మాట కింద గీత గీసి, "ఇది మాత్రం ఎవరడిగినా మార్చొద్దు" అన్నారు. దాన్ని తీసుకుపోయి, పాతదాని బదులుగా స్టేషన్‌లో ఇచ్చాను. దాని మీదే కేసు కట్టారు.

వారం తిరక్కుండా కారతను ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని, ఆపిల్ పండ్లతో ఆసుపత్రికి వచ్చాడు. "ఏదో అయిపోయింది టీచర్" అన్నాడు పెద్దమనిషి.

"అయిపోయేదానికి అది వంటనా నాయనా? ఆయప్పను చెప్పమను."

"కారు తగిలింది టీచర్" అన్నాడు అతను.

"కారుకు చెయ్యి ఉండాదా తగిలేదానికి? 'నేను గుద్దినాను' అను. నాకింకేమీ వద్దు."

అతను ఆ మాట అనకుండా పండ్ల సంచి ముందుకు చాపాడు. పెద్దమనిషి పైకి చూసి దండం పెట్టి, "అంతా దేవుడి రాతమ్మా" అన్నాడు.

"దేవునికి పెట్టొద్దు ఈ పని. నా దేవుడు ఫోన్ మాట్లాడతా బండి తోలడు. పండ్లు పెట్టిపోండి, నర్సమ్మల పిల్లకాయలు తింటారు. ఆ మాటలు మాత్రం మీరే తీసకపోండి."

నేను రోజూ దీపం పెట్టే మనిషిని. ఆ రోజు ఆమె మాటలో ఉన్నంత భక్తి నా దీపంలో లేదనిపించింది.

ఇంటికి వచ్చాక వాకర్‌తో నడక మొదలైంది. అడుగుకొక విభక్తి చెప్పేవారు. "డు ము వు లు" అని ఒకటి, "నిన్ నున్ లన్" అని రెండు. నొప్పికి మధ్యలో ఆగి, "ఈ పొద్దు షష్ఠి దాకా వచ్చినాను, రేపు సప్తమి చూద్దాం" అని నవ్వేవారు. గడప చేరడానికి నెలలు పట్టింది. మెట్లున్న ఇంట్లో ఒంటరిగా ఉండలేక చివరికి కుప్పం చేరారు. ముప్పై ఏళ్ళు ఎవరి మీదా ఆధారపడకుండా తిరిగిన మనిషి, బాత్‌రూముకు పోవాలన్నా చెల్లెల్ని పిలవాల్సి వచ్చింది. దాన్ని 'కోలుకోవడం' అన్నారు అందరూ.

కబురు తెలిసిన ఆ శనివారమే కుప్పం వెళ్ళాను. అక్కడ ఆ పెద్దమనిషి మళ్ళీ కనిపించాడు, పూలదండతో. నన్ను పక్కకు పిలిచాడు. "ఆమే పోయె, ఇంకేముందమ్మా. వచ్చే నెల కోర్టులో నిన్ను పిలస్తారు. దూరంగా ఉంటి, సరిగా చూడలేదని ఒక్క మాట చెప్పెయ్. ఆ పిల్లోడి లైసెన్సు పోతాది."

"నేను దగ్గరుండే చూసినానన్నా. గుద్దినాడు. అదే చెప్తాను" అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే చిన్నగానే వచ్చింది. అయినా చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

అందరూ వెళ్ళాక వాకిలి కడుగుదామని చీపురు తీసుకున్నాను. సిమెంటు నేల మీద వాకర్ రబ్బరు రాసుకున్న నల్లటి మచ్చలు, జతలు జతలుగా, వరండా నుంచి గేటు దాకా ఉన్నాయి. "ఎంత రుద్దినా పోవమ్మా అవి. రోజూ నన్ను తోడు పెట్టుకోని నడిచేది అక్క" అంది చెల్లెలు. గేటు తీసి చూశాను. బయట సిమెంటు వాలు మీద కూడా ఉన్నాయి. తారు రోడ్డు అంచు దగ్గర మాత్రం, ఒకే చోట ఎన్నో రోజులు వచ్చి నిలబడినట్టు, మచ్చ మీద మచ్చ పడి చిక్కగా నల్లబడి ఉంది. దాని ముందు నుంచి కార్లు పోతూనే ఉన్నాయి.