పక్కలకు అతుక్కున్న మోచేతులు

పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం నా ప్రాణమంతా రెండు మోచేతుల మీదికొచ్చింది. హైదరాబాద్‌లో టెన్నిస్ హాస్టల్ సెలక్షన్లు నెలరోజుల్లో ఉన్నాయి. సీటొస్తే తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. రాకపోతే నన్ను కన్న అవ్వ పక్కన కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టడమే. బాపు పోయినప్పటి నుంచి మా ఇంటికి అదే ఆధారం. "సీటు రాలేదంటే ఇగ సదువుడు బంద్" అని అవ్వ ముందే చెప్పేసింది.

కరీంనగర్‌లో మాకు ఆట నేర్పే సారు నా బ్యాక్‌హ్యాండ్ చూసి తల పట్టుకునేవారు. రెండు చేతులతో రాకెట్ పట్టి ఎడమవైపు వచ్చిన బంతిని కొట్టాలంటే చాలు, నా మోచేతులు రెండూ వెళ్లి పక్కటెముకలకు అతుక్కునేవి. బంతి నెట్‌లో పడేది.

"చేతులు పెయ్యికి దూరం పెట్టు బిడ్డా! కుడిచెయ్యి ఉత్తగ పట్టుకుంటది, కొట్టేది ఎడమచెయ్యి. బంతిని ముంగటనే అందుకో. గట్ల కడుపులకు గుంజుకుంటె ఎట్ల?"

"పెడుతున్న సార్" అనేదాన్ని. పెడితే కదా! ఒకరోజు విసుగొచ్చి, "ఇంట్ల ఏం పని చేస్తవే నువ్వు?" అని అడిగారు. బీడీలు చుడతానన్నాను. ఆయన నా రెండు మోచేతులూ పట్టుకుని పక్కల నుంచి ఇవతలికి లాగారు.

ఎనిమిదేళ్లప్పటి నుంచి చుడుతున్నాను మరి. చాట ఒళ్లో ఉన్నప్పుడు మోచేతులు కదిలితే తంబాకు రాలుతుంది. రాలితే అవ్వ వీపు మీద ఒక్కటిచ్చేది. మోచేతులు పక్కలకు ఆనించి వేళ్లు మాత్రమే ఆడించాలి. అప్పుడే బీడీ బిగువుగా వస్తుంది. అవ్వ అంత పట్టుబట్టి నేర్పిన పనే నన్ను కోర్టులో నిలువునా ముంచింది.

ఆ నెలంతా పిచ్చిదానిలా సాధన చేశాను. ఇంట్లో రొట్టెల కర్ర పట్టుకుని బీరువా అద్దం ముందు చేతులు చాపేదాన్ని. "దయ్యం పట్టిందా నీకు?" అని అవ్వ తిట్టేది. దేవుడా, ఈ ఒక్క దెబ్బ నాకు రానీ అని రోజూ మొక్కేదాన్ని.

సెలక్షన్ రోజు మొదటి బంతులకు చేతులు దూరంగానే ఉన్నాయి. అంతలో ఒక పెద్దాయన నన్నే చూస్తూ కాగితం మీద ఏదో రాసుకోవడం కంటపడింది. భయమేసింది. అంతే, మోచేతులు మళ్లీ పక్కల్లోకి వచ్చేశాయి. ఒకదాని వెంట ఒకటి బంతులన్నీ నెట్‌లోకే. జాబితాలో నా పేరు లేదు. బస్సులో కరీంనగర్ దాకా ఏడుస్తూనే ఉన్నాను.

తెల్లారి అవ్వ చాట నా ఒళ్లో పెట్టింది. వారం చుట్టాను. బీడీ కార్ఖానాలో నా కట్టలు విప్పి, వదులుగా ఉన్నాయని సగానికి పైగా తిరిగిచ్చేశారు. ఛీ, ఇదీ చేతకాలేదు! ఇంటికొచ్చి ఆ కట్టలు అవ్వ ముందు విసిరికొట్టాను. "నాకేదీ రాదవ్వా, నేనెందుకూ పనికిరాను" అని గొంతు చించుకున్నాను.

అవ్వ ఒక బీడీని వేళ్ల మధ్య నొక్కి చూసింది. "చుట్టు, సూద్దాం" అంది. చాట తీసుకుని చుట్టాను. తంబాకు రాలింది. దెబ్బ పడుతుందని వీపు బిగబట్టాను. పడలేదు. అవ్వ నా మోచేతులనే చూస్తోంది. అప్పుడు చూసుకున్నాను, అవి రెండూ ఒంటికి జానెడు దూరంలో ఉన్నాయి.

అవ్వ నా ఒళ్లోంచి చాట లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

"పో, సెలక్షన్లు మల్ల ఎప్పుడు పెడ్తరో మీ సారునడుగు. గివి నేను చుడుత. నువ్వు మాత్రం గా చేతులు మల్ల లోపలికి తియ్యకు."