మోచేయి దాకా

నా చిన్నప్పుడు ఒకసారి లేని కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్లాను. ఆ నొప్పిని కల్పించింది మా నాయనమ్మ. అక్కడ చూసింది తలుచుకుంటే ఇప్పటికీ ముందు నా ఎడమ చెయ్యి చల్లబడుతుంది.

మా పక్కింటి అక్క వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టే సాయిబు. ఊళ్లో ఎవరు పరుపు మీద పడుకున్నా అది ఆయన చేతి దూదే. ఆయనకు మాత్రం ఏళ్ల తరబడి దూది నుసి పీల్చి రొమ్ము పట్టేసింది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అక్క గుంటూరులో నర్సు ట్రైనింగు పూర్తి చేసుకొచ్చిన రెండు నెలలకు టౌనులోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం వచ్చి చేరమన్నారు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించాలని, రెండేళ్ల దాకా తిరిగివ్వబోమని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

వీధంతా సంబరపడింది. ఇంట్లో ఇక సంపాదించే చెయ్యి అక్కదొక్కటే. అయినా అక్క ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చి, నాయనమ్మకి చదివి వినిపించి, "ఏం చేయమంటావు మామ్మా?" అంది.

నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. తెలిసిందల్లా మిరపకాయలు. గుంటూరు కొట్లలో ముప్పయ్యేళ్లు తొడిమలు తీసిన మనిషి. బస్తా నోటి దగ్గర ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి, కడుపులో తాలు కాయలు, అంటే తెల్లబారి ఎందుకూ పనికిరానివి, కుక్కి తెచ్చేవాళ్లు ఉంటారు. అందుకని కొనేవాడు పైకాయ వంక చూడడు. మోచేయి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసి చూస్తాడు.

"ఉత్తరం పైకాయే తల్లీ. లోపల చెయ్యి పెట్టి చూద్దాం పద," అంది నాయనమ్మ.

శనివారం మధ్యాహ్నం బస్సులో ముగ్గురం బయలుదేరాం. ఉద్యోగం ఉత్తరాల మీదే కుదిరింది కాబట్టి అక్క మొహం అక్కడెవరికీ తెలియదు. "ఏమే, నీకు కడుపులో నొప్పి. ఎక్కడంటే బొడ్డు చుట్టూ అని చెప్పు. పళ్లికిలించావంటే వీపు పగులుద్ది," అని నాయనమ్మ నాకు దారి పొడుగునా పాఠం చెప్పింది. కాసేపు లోపల కూర్చుని, నర్సులతో ఎలా మాట్లాడతారో, వాళ్లని వేళకి అన్నం తిననిస్తారో లేదో చూసి రావాలన్నది ఆవిడ ఎత్తు. నాకైతే ఒక సీసాడు ఎర్ర మందునీళ్లు ఇచ్చి పంపుతారనుకుంది. సూది సంగతి ఆవిడకి తట్టనే లేదు.

డాక్టరు గారు నా పొట్ట ఒక్కసారి నొక్కి చీటీ రాసి ఇంజెక్షన్ గదికి పంపారు. నాయనమ్మ "సూదెందుకండీ" అనేలోపే నన్ను లోపలికి పిలిచారు. నా ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒంటి నిండా పుళ్లు. అక్క వయసే ఉన్న ఒక నర్సు ఆయన చేతిలోంచి సూది లాగి, పక్కనున్న ట్రేలో ముంచి, విదిలించి, దానిలోకే మందు ఎక్కించుకుని నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

ఆ రోజుల్లో ఒకే సూదిని పదిమందికి వాడడం మామూలే. కాని వాడిన ప్రతిసారీ సలసల కాగే నీళ్లలో మరిగించాలి. ట్రే కింద స్టవ్వు ఉంది, వెలగడం లేదు. నీళ్ల మీద ఆవిరి లేదు. ఆ చల్లటి నీళ్లలో సన్నటి నెత్తుటి పోగు ఒకటి మెల్లగా విచ్చుకుంటూ ఉంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

నా వెంటే లోపలికొచ్చిన అక్క ఆ నర్సు మణికట్టు పట్టుకుంది. అప్పటికి సూది నా చర్మానికి బెత్తెడు దూరంలో ఉంది. దాని కొస నుంచి ఒక చుక్క నా చేతి మీద పడింది. గుమ్మంలో ఉన్న నాయనమ్మ లోపలికొచ్చి నన్ను వెనక్కి లాక్కుంది.

నర్సు కోప్పడలేదు. కాలితో తలుపు దగ్గరికి తోసి, "ట్రైనింగ్ అయిన పిల్లవా?" అని అడిగింది.

"ఊఁ. మరి నువ్వు?"

"నేనూ అంతే."

"స్టవ్వు ఎందుకు ఆర్పారు?"

"కిరసనాయిలు పొద్దున ఒక్కసారే పోస్తారు. మళ్లీ అడిగితే కసురుతారు."

"మానేసి పోరాదా?"

"నా సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉన్నాయి." బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది. "మొదటి వారం నేనూ ఏడ్చాను. తర్వాత చెయ్యి దానంతటదే ముంచేస్తుంది."

అక్క తన చేతుల వంక చూసుకుంది. సూది కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ భయపెట్టిందని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. బయటికొచ్చాక ఎదురు కొట్లో ఒక సీసా కిరసనాయిలు కొని, వెనక్కి వెళ్లి ఆ నర్సు చేతిలో పెట్టి వచ్చింది.

తిరుగు బస్సెక్కాం. చుక్క పడిన చోట నాయనమ్మ పైట చెంగుతో తుడుస్తూనే ఉంది. చర్మం ఎర్రబడినా ఆపలేదు. ఊరి పొలిమేర వచ్చాక అక్క, "నేను చేరను మామ్మా," అంది. ఆ సాయంత్రం గోడకి ఆనుకుని కూర్చున్న వాళ్ళ నాన్నకి కూడా అదే చెప్పింది. ఆయన చాలాసేపు దగ్గి, "నా దగ్గు కోసం నీ చెయ్యి పాడుచేసుకోమాకమ్మా," అన్నాడు. పొన్నూరు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో పని దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగని పూటలు పక్కింటివాళ్లం మాకు తెలుసు. అక్క ఒక్కసారి కూడా ఆ ఉత్తరం మళ్లీ తీసి చూడలేదు.

నాయనమ్మ మాత్రం ఆ శనివారం అన్నం ముట్టలేదు. నన్ను ఒళ్లోకి లాక్కుని, "నా చెయ్యి పెట్టాల్సిన చోట నీ చెయ్యి పెట్టానే," అంది. ఆవిడ కళ్లనీళ్లు నేను చూడడం అదే మొదలు.

మొన్న మా మనవరాలికి ఒక పెద్ద ఆసుపత్రి నుంచి తొలి నర్సు ఉద్యోగం వచ్చింది. ఉత్తరం ఫోన్‌లో చూపించి ఏం చేయమంటావని అడిగింది. మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లి నా పేరు మీదే చీటీ రాయించుకున్నాను. నొప్పి ఎక్కడంటే మోకాలు చూపించాను. ఈ వయసులో అబద్ధమాడే పని లేదు. రక్తపరీక్ష రాశారు. ఎడమ చెయ్యే చాపాను. నర్సు పిల్ల కొత్త సూది కవరు నా కళ్లముందే చింపింది. ఊపిరి తీసుకుని, నీ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయమ్మా అని అడిగాను. ఆ పిల్ల ముందు తలుపు వైపు చూసింది.

"లోపలే పెట్టుకున్నారు మామ్మగారూ," అంది ఆ తర్వాత.

ఇంటికొచ్చి మనవరాలికి రెండూ చెప్పాను. సూది కొత్తదేనని, ఆ పిల్ల మాట్లాడే ముందు తలుపు వైపు చూసిందని. చేరడమా మానడమా అన్నది దాని ఇష్టం. బస్తాలోకి దూర్చిన చెయ్యి మాత్రం ఈసారి నాదే.