బంద్ రోజు వైఫై

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు నెట్‌వర్కింగ్ నేర్పిన సార్ ప్రతి క్లాసూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవారు. "పాస్‌వర్డ్ లేకుండ వైఫై పెడితే ఏమైతది?" కళ్లు మూసుకుని, కణతలు నొక్కుకుంటూ మా జవాబు వినేవారు.

తెలంగాణ ఉద్యమంలో బంద్ మీద బంద్ వస్తున్న రోజులవి. సార్ ఉద్యమం మనిషి. బంద్ అంటే ఇన్‌స్టిట్యూట్ షట్టర్ తానే దించేవారు. గుంటూరు నుంచి వచ్చిన నాకు పరీక్ష భయం. ఒక బంద్ నాడు ఉండబట్టలేక వెళ్లాను. ఆయన షట్టర్ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మెట్ల నిండా మా క్లాసువాళ్లూ, పక్క కోచింగ్ పిల్లలూ ల్యాప్‌టాప్‌లలో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. అందరికీ అందాలని లోపలి వైఫైకి ఆయనే పాస్‌వర్డ్ తీసేశారట.

"ఎవరైనా దీంతో తప్పుడు పని చేస్తే పోలీసులు మిమ్మల్నే పట్టుకుంటారు కదా సార్," అన్నాను, క్లాసులో రోజూ చెప్పే జవాబే.

"నాకెరుకే. బంద్ మాది, పరీక్ష మీది. జర జల్దీ కానియ్," అన్నారు అలసటగా.

మర్నాడు షట్టర్ లేచింది. పాస్‌వర్డ్ మళ్లీ పడింది. సార్ కళ్లు మూసుకుని అదే ప్రశ్న అడిగారు. ఆ ఒక్కరోజు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయనా రెట్టించలేదు.